మా గుంత జోలికి రాకండి!

రోడ్డు మీద గుంత కనపడగానే మున్సిపాలిటీని తిట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఎంత అమాయకులు! అద్దె ఇంట్లో ఉండేవాడికి వీధి మలుపులో ఉన్న గుంతని మించిన ఆప్తుడు లేడని వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ పుణ్యం నేను కట్టుకుంటాను.

మాది మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని ఊరు. బతకడానికి బ్రహ్మాండంగా ఉంటుందని ఈమధ్య ఎవరో సర్వే చేసి తేల్చారు. అంతే! ఆ వార్త పేపర్లో పడిన దగ్గర్నుంచీ ఊళ్లో అద్దెలకి రెక్కలొచ్చాయి. కూరగాయలమ్మి కూడా పేపరు చదివిందేమో, కొసరు వెయ్యడం మానేసింది. ఊరు బాగుపడితే మనమూ బాగుపడతామని ఎవరన్నారండీ? ఊరు బాగుపడితే మనం ఊరి చివరికి పడతాం!

ఇంత గోలలోనూ అద్దెలు కదలకుండా ఉన్నది మా ఒక్క వీధిలోనే. ఎందుకంటే సర్వేవాళ్లు మా వీధిలోకి రాలేకపోయారు. గుంత అడ్డొచ్చింది.

ఆ గుంత గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. అందులో స్కూటర్ పడితే హ్యాండిల్ మాత్రం పైకి కనిపిస్తుంది. మా వీధి అనగానే ట్యాక్సీవాడు అద్దం ఎత్తేసి వెళ్లిపోతాడు. అప్పుడప్పుడూ ఆదివారాల్లో మా ఇంటి ఓనరు తెల్లప్యాంటు వేసుకుని వస్తాడు. కారు గుంతకి అటే ఆగిపోతుంది. ఆయన దిగి, అంచున నిలబడి, అద్దె పెంచాలని చెప్పడానికి గొంతు సవరించుకుంటాడు. వీధి వీధంతా కిటికీల్లోంచి తొంగి చూస్తుంది. పరువు గల మనిషి, అంతమందిలో అద్దె గురించి ఎలా అరుస్తాడు? "అంతా బాగున్నారా?" అని అరిచి వెనక్కి తిరుగుతాడు. ఏళ్ల తరబడి ఆయన మా క్షేమం తప్ప ఇంకేమీ అడగలేదు!

ఆ పాత అద్దె మాకెంత అవసరమో కూడా వినండి. ఇంటి ముందు గది మా ఆవిడది. కిటికీ పక్కన ఆవిడ కుట్టు మిషను. చుట్టుపక్కల వీధుల చొక్కాలూ గౌన్లూ ఆ కిటికీలోంచే లోపలికొచ్చి, ఆ కిటికీలోంచే బయటికెళ్తాయి. నా రాతల మీద వచ్చేది అద్దెకి పోతుంది. మేము తినేది ఆవిడ మిషను మీదే. ఇల్లు మారితే మిషను వెంట వస్తుంది గానీ, కస్టమర్లు రారు కదా!

అందుకే గుంతని కంటికి రెప్పలా కాపాడుకున్నాం. ఎండాకాలంలో ఎదురింటి ప్లంబరు పైపు పెట్టి దాన్ని నింపేవాడు. ఓసారి మున్సిపాలిటీ లారీ కంకరతో సహా వచ్చేసింది. మా గుండెలు జారిపోయాయి. అందరం కలిసి వాళ్లకి టీలూ బిస్కెట్లూ ఇచ్చి, "మా సంగతి సరేనండీ, పక్క వీధివాళ్ల బాధ చూడలేకపోతున్నాం" అని అటు పంపేశాం. ఎంత మంచి మనసులో అని మెచ్చుకుంటూ వెళ్లారు. పక్క వీధి ఇప్పుడు అద్దంలా ఉంది. ఎప్పట్నుంచో అద్దెకున్నవాళ్లు మాత్రం అక్కడ ఒక్కరూ లేరు.

ఇంత పకడ్బందీ ఏర్పాటునీ మా మామగారు నాశనం చేశారు. ఆయన రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క రోడ్డు కూడా వేయించిన పాపాన పోలేదని బంధువులంతా చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఇన్నేళ్లకి కూతుర్ని చూడ్డానికి వస్తూ సంచితో సహా గుంతలో దిగబడ్డారు. వీధంతా కలిసి పైకి లాగాం. చెప్పు మాత్రం దొరకలేదు.

"నా కూతురు ఇలాంటి వీధిలో ఉంటోందా? ఇక్కడ రోడ్డు వేయించకపోతే నా పేరు మార్చుకుంటాను అల్లుడుగారూ!"

"మాకు అలవాటైపోయిందండీ మామగారూ, మీరెందుకు శ్రమ..."

"వద్దు నాన్నా! నీకు దణ్ణం పెడతాను, వద్దు!" అంది మా ఆవిడ.

పాపం, పిల్ల మొహమాటపడుతోందనుకున్నారాయన. పాత స్నేహితులందరికీ ఫోన్లు చేసి, బతిమాలి, బెదిరించి, మొత్తానికి సాధించారు. ఆయన జన్మలో వేయించిన మొదటి రోడ్డు! నల్లగా నిగనిగలాడిపోతోంది. కొత్త చెప్పులేసుకుని దానిమీద అటూ ఇటూ పచార్లు చేశారు. ఆ ముచ్చట చూస్తే నాక్కూడా కోపం రాలేదు.

తర్వాతి ఆదివారం ఓనరు కారు మొట్టమొదటిసారి మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇక అరవాల్సిన పని లేదు కదా, ఆయన ఎంతో మెత్తగా మాట్లాడాడు.

"వీధి ఎంత బాగుందండీ! ఇలాంటి చోట ఇంకా ఆ పాత అద్దేనా? మీరే చెప్పండి."

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. కొత్త అద్దె ఎంతో విన్నాక మాకెవరికీ ఆకలి వెయ్యలేదు. మామగారు తల వంచుకుని మెల్లగా అడిగారు.

"పైపులైను వంక పెట్టి మళ్లీ తవ్వించెయ్యనా అమ్మా?"

మా ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

ఇల్లు వెతకడానికి ఊరి చివరికి వెళ్లాం. ఇల్లు చూపించే బ్రోకరు వంటగది బాగుంటుందని ఊదరగొడుతుంటే, మా ఆవిడ వినిపించుకోకుండా వీధి మలుపులో ఉన్న గుంత దగ్గర కూర్చుని, బ్యాగులోంచి టేపు తీసి లోతు కొలిచింది. "మోకాలి దాకా ఉంది. మనకి చాలు" అంది. ఆ ఇంటి ముందు గదికి కిటికీ లేదు.

సామాన్ల లారీ రివర్సులో తిన్నగా మా గుమ్మానికే వచ్చి ఆనుకుంది. డ్రైవరు దిగి రోడ్డుని కాలితో తట్టి చూసి మురిసిపోయాడు.

"ఏం రోడ్డు సార్! లారీలో గ్లాసు కూడా పగలదు. ఇంత మంచి వీధి వదిలేసి ఎవరన్నా వెళ్తారా?"

మిషను పక్కన చోటు చేసుకుని కూర్చుంటూ మా ఆవిడే జవాబు చెప్పింది.

"రోడ్డు బాగుచేశారు బాబూ. అందుకే వెళ్తున్నాం."