మా వార్డు నూటికి నూరు

గిద్దలూరులో మా వార్డు ఇళ్ల రహస్యాలు ఇకపై ఆన్‌లైన్‌లో బయటికి పొక్కవని మా నాయకుడు కాటమరాజు గారు ప్రకటించారు. మైకు రైల్వే గేటు దాకా వినిపించింది.

"మనం పేరు చెప్పకపోయినా ఫోన్ మోడలేంది, స్క్రీన్ ఎంత, ఏ భాష పెట్టుకున్నామో చూసి కంపెనీలోళ్లు మనల్ని గుర్తుపడతాండారు. అందరి ఫోన్లూ ఒకే తీరుగా ఉంటే ఎవరు ఎవరో వాళ్లకేం తెలుస్తాది?"

ఇంత చిక్కు విషయాన్ని ఇంత తేలిగ్గా విప్పడం అందరివల్లా కాదు. పరిష్కారం, ఫోన్లన్నిటినీ ఒకే తీరుగా చూపించే ఆయన యాప్. తెరిస్తే ఆయన ఫొటో. అది పనిచేయాలంటే మన లొకేషన్, కాంటాక్టులు, ఫొటోలు ఆయనకు కనిపించాలి. కాపలా కాసేవాడు చూడకుండా ఎలా కాస్తాడు?

వారంలో రెండువందల పన్నెండు ఇళ్లు యాప్ వేసుకున్నాయి. మా మేడమీద అద్దెకుండే కృపారాణి ఒక్కతే వేసుకోలేదు. మార్కాపురంలో మొగుడి దెబ్బలు తప్పించుకుని వచ్చి, ఆరునెలలుగా బట్టలు కుట్టుకుంటోంది. నా భార్య పోయాక మూలపడ్డ కుట్టుమిషను ఆమెకే ఇచ్చాను. మధ్యాహ్నాలు ఆ చప్పుడుకు నాకు కునుకు పడుతుంది.

కాటమరాజు గారు స్వయంగా మెట్లెక్కారు.

"ఏంది చెల్లెమ్మా, నువ్వొక్కదానివే మిగిలినావు?"

"నేనెక్కడ ఉండేది మా ఆయనకు తెలీకూడదన్నా."

"అందుకే కదమ్మా యాప్ పెట్టింది!"

"వద్దన్నా. నీకు దండం పెడతా."

ఆయన నొచ్చుకోలేదు. అదీ పెద్దమనసు. మర్నాడు బస్టాండు ఎదుట ఫ్లెక్సీ వెలిసింది. రక్షణ పొందిన కుటుంబాల పేర్లన్నీ గోప్యం. అడుగున మాత్రం కృపారాణి ఫొటో, ఇంటి నంబరు: 'రక్షణ లేని ఏకైక సోదరి. బంధుమిత్రులు నచ్చజెప్పగలరు.' ఆ ఫొటో పక్కింటి వెంకటసుబ్బులమ్మ గారి ఫోన్‌లోది. ఆమె యాప్ వేసుకున్నారు.

మరుసటి ఉదయం కృపారాణిని మిషనుతో సహా రైలెక్కించాను. ఏ వైపు బండో ఇక్కడ రాయను. మిషనుకు లగేజీ టికెట్ ఏదని టీసీ అడగలేదు. మంచివాడు.

నేను ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు కారు. కాటమరాజు గారు, ఫొటోగ్రాఫరు, ఎర్రకళ్ల మనిషొకడు.

"ఫ్లెక్సీ చూసి మార్కాపురం నుంచి వచ్చినాడు పెద్దాయనా. కృపారాణి మొగుడు. నచ్చజెప్తాడంట."

"ఆమె ఖాళీ చేసి పోయింది."

"యాడికి?" అన్నాడు మొగుడు, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

కాటమరాజు గారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"పోయిందా! అట్లయితే మన వార్డు నూటికి నూరు శాతం!"

సహకరించినందుకు మొగుడికి అక్కడికక్కడే శాలువా కప్పారు.