ఉచిత సిస్టమూ అత్తగారి పళ్లూ

బోర్డుల షాపాయనకు ఈ లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. టీ ఇచ్చినవాడు నవ్వితే, పాలు తగ్గించాడేమోనని గ్లాసులోకి తొంగిచూసే రకం. అలాంటి మనిషి ఆ ఉదయం కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించడానికి కూర్చున్నాడు.

షాపుకీ, వెనక ఇంటికీ కలిపి ఉన్నది ఒకటే కంప్యూటర్. ఇంట్లోవాళ్ల పాటలూ ఫొటోలూ నిండిపోయి అది నత్తతో పోటీ పడుతోంది. ఈ విద్యలో ఆరితేరిన బావమరిది ఒక దారి చెప్పాడు.

"పాతది షాపుకి ఉంచుదాం బావా. ఇంటికి పక్కనే ఇంకోటి వేస్తా. ఆన్ చేయగానే ఏది కావాలో అదే అడుగుతుంది. పైసా ఖర్చు లేదు."

చివరి మాట దగ్గర షాపాయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఊరికే ఎవడిస్తాడ్రా? వాడికేంటి లాభం?"

"చాలామంది కలిసి రాశారు బావా. ఎవరైనా వాడుకోవచ్చు."

చాలామంది అనగానే ఆయనకు చాలామంది దొంగలు కనిపించారు. అయినా వేయించుకున్నాడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనేంత అనుమానం ఆయనకూ లేదు.

బావమరిది టీకి వెళ్లగానే ఆయనకు పళ్ల డాక్టరుగారి బోర్డు గుర్తొచ్చింది. సాయంత్రం ఆసుపత్రి తెరిచేలోగా అది గోడెక్కాలి. లేదంటే ఆ డాక్టరు ఇకమీదట ఎదురుగా ఉన్న బోర్డుల షాపుకే వెళ్తానని ముందే చెప్పాడు. దొంగ వస్తే షాపు ఫైళ్లకోసం షాపు వైపే వెతుకుతాడు కదా అని, పళ్లసెట్టు బొమ్మతో చేసిన ఆ డిజైన్ను ఇంటి వైపుకి మార్చేశాడు. రెండుచోట్ల ఉంటే రెండుచోట్లా దొరుకుతుందని షాపు వైపుది తుడిచేశాడు. ఏ దొంగా తెరవకుండా ఆ ఫోల్డర్‌కి 'అత్తగారి ఫొటోలు' అని పేరు పెట్టి, బోర్డుకి రేకు కొనడానికి వెళ్లాడు.

తిరిగొచ్చి చూస్తే ఫోల్డర్ లేదు.

ఆయన గుమ్మంలోకి పరుగెత్తాడు. వీధికి అటువైపు ఎదురుషాపాయన ఎందుకో నవ్వుతూ కనిపించాడు. ఇంకేం కావాలి? నేరుగా వెళ్లి, "మర్యాదగా నా పళ్లు నాకిచ్చెయ్" అన్నాడు. పాపం ఆ మనిషి చేత్తో నోరు మూసుకున్నాడు. అపరాధికి అంతకంటే గుర్తేముంటుందని షాపాయన వెనక్కొచ్చి, టీ తాగొచ్చిన బావమరిదిని ఉచిత సిస్టమ్‌ను వేళ్లతోసహా పీకెయ్యమన్నాడు.

"పీకేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. ముందు చెరిపినవి చేరే చెత్తబుట్టలో చూద్దాం బావా."

"ఎందుకు, ఆధారాలు మాయం చేసుకోడానికా?"

బావమరిది ముఖం మాడిపోయింది. ఆ సిస్టమ్‌తో సహా అంతా తుడిచేశాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు లోపలినుంచి వచ్చారు.

"అల్లుడుగారూ, నేను పళ్లు కట్టించుకోవడం మీకంత నవ్వులాటగా ఉందా?"

పాటలు విందామని కంప్యూటర్ ముందు కూర్చున్న ఆవిడకు తన పేరిట ఫోల్డర్ కనబడిందట. మురిసిపోయి తెరిస్తే తెరనిండా ఇకిలిస్తున్న పళ్లసెట్టు. ఆవిడ స్వహస్తాలతో దాన్ని చెరిపేశారు.

షాపాయన బల్లమీద తల పెట్టుకున్నాడు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"చెరిపేస్తే ఊరుకుంటాననుకున్నారా? ముందే ఫోన్లో ఫొటో తీసి, మీ నిర్వాకం చూడమని చుట్టాలందరికీ పంపాను" అన్నారావిడ.

షాపాయన చటుక్కున తలెత్తాడు. అప్పటికే పినమామగారు, వదినగారు, ఎప్పుడూ పలకరించని మేనత్తగారు కూడా ఆ పళ్లను భద్రంగా అందుకుని, తలో మాటా అనేశారు. బావమరిది ఆ ఫొటోను పెద్దది చేసి, దానిమీదే డిజైన్ మళ్లీ గీసి అక్షరాలు దిద్దాడు. డాక్టరుగారు వచ్చేసరికి బోర్డు గోడమీద నవ్వుతోంది. షాపాయన క్షమించమని మాత్రం అడగలేదు. ఇంత తొందరగా ఎలా గీశాడా అని బావమరిదిని అనుమానంగా చూశాడు.

మర్నాడు ఉచిత సిస్టమ్ మళ్లీ వేయించుకున్నాడు. ఇప్పుడు ఏ పెద్ద ఆర్డరొచ్చినా డిజైన్ పూర్తిచేసి, 'అత్తగారి ఫొటోలు'లో పెట్టి, అత్తగారికీ ఆవిడ ఫోన్‌కీ కనబడేలా తెరిచి ఉంచి టీకి వెళ్తున్నాడు.