టెంఘర్ చెరువులో రెండు షిఫ్టులు

వచ్చే సోమవారం ఉదయం పదకొండు గంటలకు భివండి టెంఘర్‌లో ప్రకృతి ప్రారంభమవుతుందని నగరసేవక్, అంటే వార్డు కార్పొరేటరు, భీమ్‌రావు గారు ప్రకటించారు. ఇంతకాలం తన వార్డులో ప్రకృతి లేదన్న సంగతి అంతకు ముందున్న నగరసేవకులెవరూ పట్టించుకోకపోవడం ఆయన్ని చాలా బాధించింది. ఆ బాధతోనే పెద్ద బ్యానరు కట్టించారు. బ్యానరు మీద చెరువు చిన్నగా, ఆయన పెద్దగా ఉన్నారు.

చెరువంటే, మూతపడిన మగ్గాల కార్ఖానా వెనక గోదాం పునాదికని తవ్వి వదిలేసిన గుంట. దాని ఒడ్డున వరుసగా ఎనిమిది ఖోలీలు. మూడో గది అంకుశానిది. అతను ఆ కార్ఖానాలో ఇరవై ఏళ్లు మెహతాగా చేశాడు. అంటే ఏ మగ్గం మీద ఎవరున్నారో, ఎవరు రాలేదో రాసిపెట్టే మనిషి. ఖోలీలు ఖాళీ చేయమని గోదాం వాళ్లు రెండుసార్లు మనుషుల్ని పంపారు. మూడోసారి జేసీబీని పంపుతామన్నారు. అంకుశం పుట్టిందీ ఆ పదడుగుల గదిలోనే, మాలతిని పెళ్లాడి తెచ్చుకుందీ అందులోకే. అది పోతుందన్న దిగులుతో అతనికి అన్నం సహించడం లేదు.

అలాంటి సమయంలో భీమ్‌రావు గారు పిలిపించారు.

"సూడు అంకుశం, ఈ గుంటకు సజీవ చెరువని సర్టిఫికెట్ వస్తే సుట్టుపక్కల ఎవ్వడు చెయ్యి పెట్టరాదు. కానూన్ ఉన్నది. నువ్వు హాజరీ సూస్కో, నీ ఖోలీ సంగతి నేను సూస్కుంట."

"హాజరీ ఎవరిది సాబ్?"

"ప్రకృతిది."

సోమవారం టెండరు ప్రకారం పక్కనే ఉన్న అంజూర్ ఫాటా నుంచి నలభై కప్పలు, ఒక నీటిపాము టెంపోలో వచ్చాయి. భీమ్‌రావు గారు రిబ్బను కత్తిరించి జీవావరణ వ్యవస్థను వివరించారు. ఆకుపచ్చవి వండుతాయి, కదిలేవి తింటాయి, కంటికి కనబడనివి అంట్లు తోముతాయి. మగ్గాల వాళ్లకు అన్నం పెట్టే బిస్సీలో జరిగేదీ అదే. అంత పెద్ద శాస్త్రాన్ని బిస్సీ దాకా దించిన నాయకుడు మరొకరు లేరు. జనం చప్పట్లు కొట్టారు. కప్పలు చెరువులో దిగాయి.

మర్నాడు పొద్దున అంకుశం హాజరు తీసుకుంటే ముప్పై ఏడే తేలాయి.

"మూడు ఏడ వొయినయి?" అన్నారు భీమ్‌రావు గారు.

"పాము తిన్నది సాబ్."

"ఎవర్ని అడిగి తిన్నది?"

సర్టిఫికెట్ ఇచ్చే తనిఖీ బృందం వచ్చేనాటికి లెక్క తగ్గితే అది రాదు. భీమ్‌రావు గారు వెంటనే ఉత్తర్వు రాయించి గట్టు మీద పాతించారు. తనిఖీ పూర్తయ్యేదాకా ఈ చెరువులో ఎవరూ ఎవర్నీ తినరాదు. ఆహారపు గొలుసును ఒక ప్రజాప్రతినిధి ఇంత ధైర్యంగా ఆపడం టెంఘర్‌లో అదే మొదటిసారి.

అయినా బుధవారానికి మరో రెండు కప్పలు పోయాయి.

"బోర్డు మరాఠీల ఉన్నది గదనే, దానికి సమజ్ కాలేదు గావొచ్చు," అన్నాడు పక్క ఖోలీ గాలయ్య. గాలయ్య నాలుగు మగ్గాలు నడిపే కార్మికుడు, ఇప్పుడు వేరే కార్ఖానాలో రాత్రి పాళీకి పోతున్నాడు.

అంకుశం గాలయ్య మొహం చూశాడు, తర్వాత అతని గదివైపు చూశాడు. ఆ ఒక్క ఖోలీలో పద్నాలుగు మంది ఉంటారు. చాపలు ఏడే. పొద్దున ఎనిమిదింటికి పగటి పాళీ వాళ్లు లేచి పోతారు, రాత్రి పాళీ వాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకుంటారు. ఇన్నేళ్లలో కొట్లాటన్నది లేదు, ఎందుకంటే ఏడుగురికి మిగతా ఏడుగురు ఎదురుపడితే కదా.

ఆ రోజు నుంచి చెరువు రెండు పాళీల్లో నడిచింది. పగలు కప్పలు చెరువులో, పాము గట్టు మీది డ్రమ్ములో. సాయంత్రం ఏడింటికి పాము డ్రమ్ము దిగి డ్యూటీ ఎక్కేది, అదే డ్రమ్ములో కప్పలు పడుకునేవి. వాటిని పట్టడానికి ఎనిమిది ఖోలీల జనమూ కదిలారు. మాలతి దోమతెర పట్టుకుని నడుములోతు బురదలో దిగింది.

"మన ఇల్లు మనకుంటే సాలు," అంది. "కప్పలను జోకొట్టుమన్నా కొడుత."

పోయిన ఐదింటి బదులు గాలయ్య భివండి రోడ్ స్టేషన్ మోరీలో ఐదు పట్టుకొచ్చాడు. హాజరు మళ్లీ నలభైకి ఎక్కింది.

తనిఖీకి రూపాలి మేడం వచ్చింది. వాళ్ల నాయన ఈ ఊళ్లోనే మగ్గాలు నడిపాడు. ఆమె మరాఠీలో చదివి జీవావరణ నిపుణురాలైంది. పాళీ మారడం కళ్లారా చూసి ఆమె టైము రాసుకుంది.

"ఏకచ్ ఆవాసం, దోన్ షిఫ్ట్. ఒకటే ఇల్లు, రెండు పాళీలు," అంది. "కాకా, పుస్తకంల సదివిన గని కండ్లతోని ఇప్పుడే సూస్తున్న. ఇగ ఈ ఫారం నింపుండ్రి. ఇక్కడున్న ప్రతి జీవి, అది ఎక్కడ్నుంచి వచ్చింది, సగ్ళ, అంత రాయుండ్రి."

ఎన్ని జీవులుంటే అంత మంచి మార్కులని అంకుశం అనుకున్నాడు. కప్పలతో ఆపకుండా ఎనిమిది ఖోలీల్లోని అరవై రెండు మందినీ ఎక్కించాడు. మెహతా చేతికి ఒక అలవాటుంది. హాజరీ బుక్కులో గాలయ్యలు ముగ్గురుంటారు కాబట్టి పేరు పక్కన ఊరు రాయాలి. గాలయ్య, మెట్‌పల్లి. పోచమ్మ, సిరిసిల్ల. తన పేరు పక్కన కోరుట్ల అని రాసుకున్నాడు, ఆ ఊరిని జన్మలో ఒక్కసారే చూసినా సరే. కప్పల పక్కన అంజూర్ ఫాటా అని రాశాడు.

రెండు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది, మొదటి శ్రేణి. దాంతో పాటు ఒక షరతు కూడా వచ్చింది. స్థానిక జాతుల రక్షణ కోసం, బయటి నుంచి వచ్చి స్థిరపడిన జాతులను ఏడు రోజుల్లో తొలగించాలి. స్థానిక జాతులు: కప్పలు, పాము, దోమలు. బయటి జాతి ఒక్కటే, సంఖ్య అరవై రెండు.

గాలయ్య కాగితం చదివించుకుని రూపాలి మేడం దగ్గరికి పోయాడు.

"మీ నాయన గూడ మా దిక్కు నుంచే వచ్చిండు గదా బిడ్డా."

"హో కాకా. గని ఫారం నింపించెటోళ్లకు ఫారంల కాలమ్ లేదు."

భీమ్‌రావు గారు కళ్లు తుడుచుకున్నారు. చట్టం ముందు తానెంత, చెరువెంత అన్నారు. ఏడు రోజుల్లో ఏడు ఖోలీలు ఖాళీ అయ్యాయి. జేసీబీ ఆవాస విస్తరణ చేసింది. గాలయ్య వాళ్లు మూటలతో టెంపో ఎక్కుతూ అంకుశం వైపు చూశారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

ఎనిమిదో రోజు ఫలకం ఆవిష్కరణ. రూపాలి మేడం హాజరు పిలిచింది. కప్పలు నలభై. డ్రమ్ము మూత తీస్తే పాము లేదు. చెరువు, గట్టు, మోరీ వెతికారు. ఎటు పోయిందో పోయింది.

"పై స్థాయి మాంసాహారి లేకుంటే సర్టిఫికెట్ రద్ద్," అంది ఆమె. "పోస్ట్ ఖాళీ ఉండొద్దు."

భీమ్‌రావు గారు క్షణం ఆలోచించారు. గొప్పవాళ్లకు క్షణం చాలు.

"అంకుశం, నీకు పాళీ తెలుసు, జాగ తెలుసు. పాము లోకల్. దానికి ఆవాసం కింద ఒక ఖోలీ ఉంచుమని కాయిదంలనే ఉన్నది. నీ మూడో ఖోలీ నిలవడ్డది అందుకే. పాము పోస్టుల దస్తకత్ పెట్టు."

అంకుశానికి టెంపో వెనక కూర్చున్న గాలయ్య గుర్తొచ్చాడు. సిగ్గుతో కాగితం వెనక్కి జరిపాడు. తర్వాత గడప దగ్గర మాలతి కట్టి పెట్టిన రెండు మూటలు కనిపించాయి. సంతకం పెట్టాడు.

"ఆహారం?" అడిగింది రూపాలి మేడం పెన్ను తీసి.

"అన్నం, పప్పు. ఐతారం ఎండుచాపలు."

"కప్పలు?"

"తిన మేడం."

"ఒంటరా, జోడీనా?"

అంకుశం మాలతి వైపు చూశాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. "జోడీ," అంది.

రూపాలి మేడం మొహం విప్పారింది. సంతతికి అవకాశం ఉంది అని రాసుకుంది. మహారాష్ట్రలో పాము మనసు మారిన మొదటి వార్డు తమదేనని భీమ్‌రావు గారు విలేఖరులకు చెప్పారు. వాళ్లు రాసుకున్నారు, ఎవరూ ఏమీ అడగలేదు.

ఫొటోగ్రాఫరు మాత్రం ఒక్కమాట అడిగాడు. కప్పలు కనబడటం లేదు, పామును కొంచెం ఎడమకు జరగమన్నాడు. అంకుశం, మాలతి జరిగారు.