నిక్కచ్చి పట్టిన పాలిష్ గుడ్డ

ఆ ఉదయం నిక్కచ్చి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, కుర్చీలో కాస్త వెనక్కి వాలి, వచ్చేవాళ్ళ నమస్కారాలు అందుకోవడం. హెడ్ క్లర్కుకు ఆఫీసు పెట్టిన ఆ పేరు నిన్నటి మీటింగుతో సార్థకమైంది. "అటెండరు చేత మీ ఇంటి పనులు చేయించడం ఇక కుదరదండీ," అని నిక్కచ్చి మేనేజరు మొహం మీదే అనేశాడు. అటెండరు కళ్ళు చెమర్చాయి. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు రాత్రంతా ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

పార్కింగులో మేనేజరు నల్ల కారు ఒక్కటే ఉంది. మేనేజరు తెల్లవారకముందే ఆఫీసు జీపులో ఏదో పని మీద వెళ్ళాడు. నిక్కచ్చి తన స్కూటరును కారు పక్క సందులోకి తోస్తుంటే, దానికి వేలాడుతున్న భోజనం క్యారేజీ కారు తలుపుకు రాసుకుంది. వంగి చూశాడు. తలుపు మీద వెంట్రుకల్లాంటి గీతలు, గుప్పెడు.

నిన్న మేనేజరును కడిగేశాడు, ఇవాళ కారు గీకాడు. పొరపాటంటే ఎవరు నమ్ముతారు? నిన్నటి న్యాయమంతా కక్ష అయి కూర్చుంటుంది. వెంటనే కార్ల పిచ్చి ఉన్న బావమరిదికి ఫోన్ చేశాడు.

"గీత మీద గోరు అడ్డంగా పోనీ బావా. తగులుతోందా?"

"లేదురా."

"అయితే పైపూతలోనే ఉంది, చేత్తోనే పోతుంది. ముందు నీళ్ళతో కడిగి ఆరనీ. ఇసుక నలుసున్నా కొత్త గీతలు పడతాయి. మెత్తటి గుడ్డ మీద శనగగింజంత పాలిష్ వేసి వేళ్ళతో మెల్లగా రుద్దు. నీ బలమంతా చూపించకు."

ఎదురుగా ఉన్న కార్ల సామాన్ల కొట్టు అప్పుడే తెరిచారు. పాలిష్ తెచ్చి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. గీతలు మాయం! తృప్తిగా ఒక అడుగు వెనక్కి వేశాడు. కొంప మునిగింది అక్కడే. రుద్దినంత మేర అద్దంలా మెరుస్తోంది, మిగతా తలుపు మొహం కడుక్కోనట్టుంది. ఇక్కడేదో జరిగిందని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. సరేనని తలుపంతా రుద్దాడు. ఇప్పుడు వెనక తలుపు వెలవెలబోయింది. అదీ రుద్దాడు. చొక్కా చేతులు మడిచి బానెట్ దాకా వచ్చేసరికి టైపిస్టు గేట్లో అడుగుపెట్టింది.

"అయ్యో సార్! నిన్న అంత మాట్లాడి, ఇవాళ ఇదేంటండీ?"

"ఏం లేదమ్మా... దుమ్ముగా ఉంటేనూ."

"నా బండి కూడా దుమ్ముగానే ఉంది సార్," అంటూ లోపలికి చక్కా పోయింది.

కాసేపటికి కిటికీలన్నీ తలకాయలతో నిండిపోయాయి. నిజం చెబితే కక్షదారు, చెప్పకపోతే కాకారాయుడు. ఏది నయమో తేల్చుకోలేక రుద్దుతూనే ఉన్నాడు.

అటెండరు బకెట్టుతో వచ్చాడు. చేయి చాచాడు.

"ఆ గుడ్డ ఇలా ఇవ్వండి సార్. నాకు అలవాటే కదా."

నిక్కచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. "వద్దయ్యా. ఇవి నువ్వు చేయకూడని పనులు," అన్నాడు గుడ్డ వదలకుండా.

"మరి మీరు చేయొచ్చా సార్?" అన్నాడు అటెండరు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

అంతలో జీపు వచ్చి ఆగింది. మేనేజరు దిగి కారు చుట్టూ తిరిగి చూసి, కిటికీలన్నిటికీ వినపడేలా, "నిన్న మీ మాటలకి నొచ్చుకున్నానండీ. కానీ ఇంత గొప్పగా క్షమాపణ చెబుతారనుకోలేదు!" అన్నాడు.

నిక్కచ్చి ఇక ఆగలేకపోయాడు. మేనేజరును పక్కకు తీసుకెళ్ళాడు. "క్షమాపణ కాదు సార్. నా క్యారేజీ తగిలి తలుపు మీద గీతలు పడ్డాయి. కావాలని కాదు. పదండి, అందరి ముందూ చెప్పేస్తాను."

మేనేజరు మొహం పాలిపోయింది. "ఏ తలుపు? ముందుదా? పిడి కిందా?" గొంతు బాగా తగ్గించాడు. "అవి నావండీ బాబూ. ఆదివారం పిట్ట రెట్ట పోలేదని గిన్నెలు తోమే పీచుతో రుద్దాను. కారు మా ఆవిడది. ఆవిడకింకా తెలీదు. మీకు దణ్ణం పెడతాను, ఆ గీతల మాట ఎక్కడా ఎత్తకండి."

నిక్కచ్చి స్కూటరు వైపు చూశాడు. క్యారేజీ తన భార్య కుట్టిన దళసరి దూది సంచిలో ఉంది. దాంతో వెన్నను కూడా గీయలేరు. పొద్దుటి కంగారులో దాన్ని చూస్తేగా!

"అటెండర్ని ఇక ఇంటి పనికి పంపనని మాటివ్వండి," అన్నాడు.

"ఒట్టు. పంపను."

మాట పుచ్చుకున్నాడు గనుక నోరు మూసుకోక తప్పలేదు. మేనేజరు కిటికీల వైపు తిరిగి, "ఈయన ఇష్టపూర్వకంగా చేశారు! చూసి నేర్చుకోండి!" అన్నాడు. ఈసారి చప్పట్లు మోగలేదు. తలకాయలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోయాయి.

మర్నాడు నిక్కచ్చి కావాలనే అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. స్కూటరు పెట్టే చోట ముగ్గురు ఆఫీసర్ల కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. పక్కనే అటెండరు స్టూలు మీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఆయన్ను చూసి గబుక్కున లేచాడు.

"మీ దయవల్ల నాకిక ఇంటి పనులు లేవు సార్," అన్నాడు సంతోషంగా. "అవన్నీ మీరు చూసుకుంటారటగా."

ఒక్కో బానెట్ మీదా ఒక్కో గుడ్డ, శుభ్రంగా ఉతికి మడతపెట్టి ఉంది.