పరీక్ష పరిధిలో సాంబయ్య ఒక్కడే

కడోదరా హైవే పక్కనున్న ఒక చీరల మిల్లు తన సిబ్బందిని తానే మోసం చేయించుకోవాలని చట్టప్రకారం తీర్మానించింది. ఇందులో వింతేమీ లేదు. పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు చేయించుకుంటున్నాయి. అబద్ధమాడి లోపలికి ఎవడైనా దూరగలడా, ఫోన్లో అడిగితే పాస్‌వర్డ్ ఎవడైనా కక్కేస్తాడా అని, ముందుగా అనుమతి పత్రం రాసుకుని మరీ పరీక్షిస్తారు. అసలు దొంగకు పత్రం ఉండదు. తేడా అంతే.

ఆ పని నరహరికి దొరికింది. తెలుగు నేత కార్మికులుండే గోడాదరా గల్లీలో పుట్టి పెరిగి, కంప్యూటర్ భద్రత నేర్చుకుని, సొంతంగా చిన్న కంపెనీ పెట్టినవాడు. ఇదే మొదటి పెద్ద కాంట్రాక్టు. అందుకే పథకం పద్ధతిగా రాసుకొచ్చాడు. పైనుంచి కింది దాకా అందరినీ పరీక్షించాలి. ఎవరింట్లో జబ్బునూ చావునూ అబద్ధానికి వాడకూడదు. మోసపోయినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు. ఎవరి ఉద్యోగమూ పోకూడదు.

మిల్లు యజమాని సేఠ్ ఆ పథకాన్ని ఎంతో మెచ్చుకుని ఎర్ర పెన్ను తీశాడు.

తాను మోసపోడు కాబట్టి తన పేరు కొట్టేశాడు. న్యాయమే. బావమరిది మనసు సున్నితం, కొట్టేశారు. మేనేజర్లకు పరువుంది, డిజైన్ల గదిలో వాళ్ళకు డిగ్రీలున్నాయి, అకౌంట్స్ వాళ్ళకు తీరికలేదు. మూడు మీటింగులు, ఆరు ప్లేట్ల ఖమణ్ అయ్యేసరికి పరీక్ష పరిధిలో గేటు కాపలాదారు సాంబయ్య ఒక్కడే మిగిలాడు. ఒక్కడే ఉన్నాక పేరు దాచడమెందుకని ఆ వాక్యమూ కొట్టేశారు. తప్పితే ఉద్యోగం ఊడుతుందని కొత్త వాక్యం చేర్చారు.

నరహరి ఆ పత్రం మరోసారి చదివాడు. సాంబయ్య తమ గల్లీవాడే, మామా అని పిలిచే మనిషి. ఇరవయ్యేళ్ళు ఉధ్నాలో సాంచాలనే మరమగ్గాలు నడిపి, ఆ చప్పుడుకు చెవులు మందగించాక ఈ గేటుకొచ్చాడు. ఇది పోతే అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఇంకో పనిచ్చేవాడు లేడు. ఆ సంగతి నరహరికి బాగా తెలుసు. కాంట్రాక్టు సంగతి ఇంకా బాగా తెలుసు. సంతకం పెట్టాడు.

సొంత ఊరి పేరు వింటే సాంబయ్య కరిగిపోతాడన్నదీ అతనికే తెలుసు. పథకంలో అదే రాశాడు.

పరీక్షనాడు నరహరి దగ్గర పనిచేసే ప్రసన్న ఏసీ మెకానిక్ కార్డు మెడలో వేసుకుని గేటుకొచ్చింది. నరహరి రోడ్డవతల కారులో కూర్చుని ఆమె ఫోన్లోంచి అంతా వింటున్నాడు.

"మాది మీ ఊరే కాకా. గుండేటోళ్ళం."

"అరె, మా ఊరి పిల్లవా! కూసో బిడ్డా, చాయ్ తాగు." సాంబయ్య తన కుర్చీయే ఇచ్చేశాడు.

అయిపోయాడు మామ, అనుకున్నాడు నరహరి.

"ఏ గుండేటోళ్ళు? బడికాడోళ్ళా, బస్టాండుకాడోళ్ళా?"

"బస్టాండు కాడ, కాకా."

"మా ఊరికి బస్సే రాదు బిడ్డా. నువ్వు చాయ్ తాగు, సల్లారుతది."

ప్రసన్న చేతులెత్తేసి అనుమతి పత్రం తీసింది.

"కాయితమెవలైనా కొట్టిస్తరు."

"దాని మీద నంబరుంది కదా, అడుగు కాకా."

"నీ కాయితం మీది నంబర్‌కు నేనెందుకు జేస్త? సేఠ్ నంబరు నా కాడున్నది. గప్పటిదాక జర కూసో."

నరహరి చదివిన భద్రతా పుస్తకాలు నలభై పేజీల్లో చెప్పే మాట అది. మామ పాసయ్యాడని అతను స్టీరింగ్ మీద దరువేశాడు.

సేఠ్ ఫోన్ మాత్రం అరగంట దాకా బిజీ. అవతల ఢిల్లీ నుంచి "జాతీయ భద్రతా పురస్కార కమిటీ" మాట్లాడుతోంది. డిజైన్ల కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎంత గట్టిదో పరిశీలించాలంది. సేఠ్ ఒక్కొక్క అక్షరమే చదివి వినిపించాడు. సరిగా రాసుకున్నారో లేదోనని రెండోసారీ చదివాడు. శనివారానికల్లా మిల్లు దీపావళి డిజైన్లన్నీ వేరేవాళ్ళ దుకాణాల్లో వేలాడాయి. అలాంటి కమిటీ దేశంలోనే లేదు.

విచారణ సభలో సేఠ్ గద్గద స్వరంతో ప్రసంగించాడు. "ఈ మిల్లులో అందరూ నా కుటుంబమే. తప్పు జరిగితే బాధ్యత వహించాలి. ఎవరు వహించాలో నిర్ణయించే భారం మాత్రం పెద్దవాణ్ణి, నేనే మోస్తాను!"

చప్పట్లు ఆగాక ఫైలు తెరిచారు. సేఠ్ పరీక్ష పరిధిలో లేడు, కాబట్టి ఆయన మోసపోయే అవకాశమే లేదు. పరిధిలో ఉన్నది సాంబయ్య ఒక్కడే, కాబట్టి తప్పు చేయడానికి అర్హుడూ ఆయనొక్కడే. పైగా పురస్కార సంభాషణ నడుస్తుండగా పదకొండుసార్లు ఫోన్ చేసి యజమాని ఏకాగ్రతను భంగపరిచాడు.

"ఆయన పాసయ్యాడు సార్" అన్నాడు నరహరి.

"అలాగే రాయి. పాసయ్యాడు, తీసేశాం" అని సేఠ్ వచ్చే ఏడాది కాంట్రాక్టు కాగితం కూడా అతని ముందుకు తోశాడు. నరహరి రెండు కాగితాల మీదా సంతకం పెట్టాడు.

బయట సాంబయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"నరహరీ, పరీక్షల నేను తప్పిన్నా?"

"లేదు మామా, పాసైనవ్."

"మరి గీ తీసేసుడేంది?"

నరహరి జవాబు కోసం తన ఫోన్లో వెతికాడు.

ఆ గేటుకిప్పుడు కొత్త కాపలాదారుడొచ్చాడు. ఊరడగడు, పేరడగడు, సెల్యూట్ మాత్రం గట్టిగా కొడతాడు. ఒకసారి వెళ్ళి చూడండి. మీలాంటి పెద్దమనుషుల్ని ఆపి ఎవరు మీరని అడిగితే ఎంత కోపమొస్తుందో అతనికి ముందే చెప్పి పెట్టారు.