ఉతికితే పోయే చదువు

పెద్దాసుపత్రి డాక్టర్లు శిక్షణ తరగతులకు తమ బదులు తెల్లకోట్లను పంపించడం ఎప్పటినుంచో ఉన్నదే కానీ, ఈసారి వెళ్ళిన కోట్లు పాఠం నేర్చుకుని వచ్చాయి.

ఇందులో డాక్టర్లను తప్పు పట్టడానికేమీ లేదు. బస్సులో సీటు కావాలంటే మనం కిటికీలోంచి తువ్వాలు వేయమూ? తువ్వాలు ఉన్నచోట మనిషి ఉన్నట్టే లెక్క. దాన్ని జరిపి కూర్చున్నవాడితో దెబ్బలాడే హక్కు కూడా మనకు ఉంటుంది. డాక్టర్లూ ఆ బస్సుల్లో తిరిగి చదువుకున్నవాళ్ళే. ఏటా ఇన్ని గంటలు కొత్త చదువు చదివితేనే రిజిస్ట్రేషన్ నిలుస్తుందని పైవాళ్ళు నిబంధన పెట్టారు. సాయంత్రాలు సొంత క్లినిక్కులు మూసుకోవడం ఎవరికీ కుదరదు. అందుకని హోటల్ హాల్లో కుర్చీకొక కోటు తొడిగి, కాఫీ తాగి, ఉచితంగా ఇచ్చిన సంచీ పుచ్చుకుని వెళ్ళిపోతారు. హాజరు వేసే గుమాస్తా కుర్చీ వీపు చూసి టిక్కు పెడతాడు. ముఖాలు కూడా చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈసారి పాఠం, మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళను చూసుకోవడం గురించి. విశాఖ నుంచి వచ్చిన మేడమ్ పొద్దుగూకేదాకా చెప్పింది. ముగింపులో ఆవిడ కుర్చీలకు చేతులు జోడించింది. "ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు నాకెప్పుడూ దొరకలేదు. ఒక్కరూ ఫోన్ చూడలేదు. భోజనాలయ్యాక ఒక్కరూ లేచి వెళ్ళలేదు" అంది. హాజరైనవారి పేరునే ధ్రువపత్రం ఇవ్వాలన్నది రూలు కనుక, ధ్రువపత్రాలు కోట్ల పేర్ల మీదే వచ్చాయి.

ఆ వారంలో మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉప్పరవలస పోలినాయుడు ఉన్నాడు. పొద్దు వాలేసరికి ఎడ్లకు కుడితి పెట్టాలని లేచి బయలుదేరతాడు. ఆ ఎడ్లు పోయి ఎన్నేళ్ళయిందో ఆయన భార్య దాలమ్మకే గుర్తు లేదు. పారిపోతాడని రెండు చేతులూ గాజుగుడ్డతో మంచానికి కట్టారు. చేతులు కట్టేసి అన్నం పెడితే తినే మనిషి కాదాయన. డాక్టర్ శశిభూషణ పట్నాయక్ రౌండ్సుకు వచ్చి, మంచం దగ్గర నిలబడకుండానే అడిగేవారు.

"తాతా, ఇవాళ ఏ వారం?"

"నాకెందుకు బాబూ వారం? ఎద్దులకి కావాలేటి వారం?"

"నీకు ఎద్దుల్లేవు తాతా. రోజూ చెప్తున్నాను."

ఆ మాటతో ముసలాయనకు ఎడ్లు ఆ క్షణమే చచ్చిపోయేవి. రోజూ చచ్చిపోయేవి. రోజూ ఏడ్చి, నోరు బిగించేసేవాడు.

"రేపటికి తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి" అన్నారు డాక్టరు గారు.

"గొట్టమొద్దు బాబూ. మా మరిదికి ఏసినారు. ఆ గొట్టంతోటే పాడెక్కినాడు" అని దాలమ్మ ఆయన వెనకాలే గుమ్మందాకా నడిచింది. ఆయన అప్పటికే పక్క వార్డులో ఉన్నారు.

మర్నాడు పట్నాయక్ గారు శిక్షణ పొందిన కోటు తొడుక్కుని వచ్చారు. మంచం దగ్గరికి రాగానే కోటు ఆయన్ను భుజాల దగ్గర పట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఉద్యోగంలో చేరాక ఆయన ఆ వార్డులో కూర్చోవడం అదే మొదలు. లేవబోతే లేవనివ్వలేదు. ఏ వారం అని అడగబోతే కాలరు గొంతు దగ్గర బిగిసింది. చివరికి బొత్తాలు విప్పుకుని, కోటును స్టూలు మీదే వదిలేసి, చొక్కాతో పక్క వార్డుకు వెళ్ళిపోయారు. కోటు కూర్చునే ఉంది.

పోలినాయుడు దాన్ని తేరిపార చూశాడు.

"ఎప్పుడొచ్చినావు బావా?"

కోటు తాను బావను కానని అనలేదు. ఎడ్లు లేవనీ అనలేదు. కుడి చెయ్యి జాపి, రెండు కట్లూ విప్పి, ఆయన చేతిని పట్టుకుంది.

"ఓలె దాలీ, బావ కూకున్నాడు, కనపడ్డంలేదేటి? ముందల బావకెట్టు."

"ఎడతాన్లే మావా. నువ్వు తినకపోతే బావ మాత్రం తింతాడేటి?" అని దాలమ్మ రెండు కంచాల్లో గంజన్నం పెట్టింది. బావకు మర్యాద తక్కువ కాకూడదని పోలినాయుడు తన కంచం ఖాళీ చేశాడు. బావ కంచంలోది దాలమ్మ తింది. అలా పది రోజుల్లో ఇద్దరికీ ఒంటికి కాస్త రక్తం పట్టింది. గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు.

ఆసుపత్రికి మాత్రం పెద్ద చిక్కొచ్చింది. చదువుకున్నది కోటు కనుక రిజిస్ట్రేషన్ కోటుకే పొడిగించారు. పట్నాయక్ గారు అందులో దూరితేనే డాక్టరు. దూరితే అది కూర్చోబెడుతుంది. కూర్చుంటే రౌండ్సు అవవు. మిగతా కోట్లదీ అదే వరస. ఎముకల డాక్టరు గారి కోటు ఒక ముసలమ్మ తల దువ్వుతూ మధ్యాహ్నందాకా ఉండిపోయిందట. సూపరింటెండెంట్ కూర్మారావు గారు కమిటీ వేశారు. కోట్లు మాసి ఉన్నాయనీ, వాటివల్ల రోగులకు అంటువ్యాధులు సోకవచ్చనీ, వెంటనే ఉతికించాలనీ కమిటీ తేల్చింది. చదువు ఏ మేరకు అంటిందో, ఏ మేరకు వదులుతుందో కమిటీకి బాగా తెలుసు. అందులో అందరూ డాక్టర్లే.

దాలమ్మ సూపరింటెండెంటు గది ముందు నేల మీద కూర్చుంది.

"బాబూ, ఆ ఒక్క కోటూ ఉతక్కండి. నా మొగుడు తింతన్నాడు."

"శుభ్రత వద్దంటావా అమ్మా?"

"సుబ్బరం నాకొద్దంతానేటి బాబూ? నా మొగుడు పోయినాక ఎంత సుబ్బరం కావాలంటే అంత సేసుకోండి."

ఆయన నవ్వి, ఫైలు మీద సంతకం పెట్టారు. కోట్లు బ్లీచింగు నీళ్ళలో ఉడికి, గంజి పట్టి, మల్లెపువ్వుల్లా తిరిగి వచ్చాయి. పట్నాయక్ గారు తొడుక్కున్నారు. కోటు ఆయన్ను ఎక్కడా కూర్చోబెట్టలేదు.

"బావా!" అని పోలినాయుడు పిలిచాడు. కోటు ఆయన్ను గుర్తు పట్టలేదు.

"తాతా, ఇవాళ ఏ వారం?" అన్నారు డాక్టరు గారు, నిలబడకుండానే.

ఎడ్లు మళ్ళీ చచ్చిపోయాయి. చేతులకు గాజుగుడ్డ మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు రోజులు చూసి గొట్టం వేద్దామన్నారు.

కోట్లు చదువుకొచ్చిన హోటల్లోనే మర్నాడు నర్సుల బ్యాచికి అదే పాఠమని దాలమ్మ విన్నది. తెల్లారగానే బస్సెక్కి హాలు గుమ్మం దగ్గర దిగబడింది. కుర్చీలన్నీ తెల్లగా, వరసగా, బుద్ధిగా ఉన్నాయి.

"ఎవరికోసమమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆ సదువు నాకు కావాలి బాబూ. అన్నమెట్టీదాన్ని నేనే గదా."

"మనుషులు కూర్చోడానికి ఇక్కడ ఏర్పాటు లేదమ్మా. కోటుందా?"

"కోటెక్కడిది? మా ముసిలోడి తువ్వాలుంది."

గుమాస్తా మంచివాడు. కుర్చీ ఇవ్వలేననీ, వెనక గోడవార నేల మీద పరిస్తే తాను చూడనట్టు ఊరుకుంటాననీ అన్నాడు. దాలమ్మ భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి గోడవార పరిచి, ముసలాయనకు గంజి వేళ అవుతోందని బస్సెక్కేసింది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది. దానికి ధ్రువపత్రం ఇవ్వలేదు. హాజరు పట్టీలో నేలకు గడి లేదు.

వార్డులో సులోచన సిస్టర్ పట్టుకుంది. "ఇదేంటి దాలమ్మా, ఇంత కంపు! రిజిస్ట్రేషన్ లేని బట్ట రోగి మీద వెయ్యకూడదు." సంగతి సూపరింటెండెంటు గారిదాకా వెళ్ళింది. ఆయన నిబంధనలు తిరగేసి న్యాయంగానే చెప్పారు. రోగిని చూసుకోవాలంటే చదువు కావాలి కనుక తువ్వాలు పనికిరాదు. రోగిని కట్టడానికి మాత్రం ఏ చదువూ అక్కర్లేదు. గాజుగుడ్డ కూడా స్టోర్సులో అయిపోయింది. కాబట్టి తువ్వాలుతో కట్టుకోవచ్చు.

ఉన్నది ఒక్క తువ్వాలే కనుక ఒక చేతికే కట్టారు. సిస్టర్ చూస్తే మణికట్టు చుట్టూ ముడి ఉంది. డాక్టరు గారు దూరంనుంచి చూస్తే ముడి ఉంది. పోలినాయుడు కళ్ళు తెరిచి చూసుకుంటే, ఎవరో తన చెయ్యి పట్టుకుని ఉన్నారు.

"ఎప్పుడొచ్చినావు బావా?"

దాలమ్మ రెండు కంచాలు పెట్టింది.

కొన్నాళ్ళకు పైనుంచి తనిఖీ వచ్చింది. గోడ మీద ధ్రువపత్రాలు చూశారు. కట్టి ఉన్న చేతిని చూశారు. కట్టి ఉన్నా ముసలాయన నిమ్మళంగా తింటూ ఉండడం చూసి, శిక్షణ బ్రహ్మాండంగా పనిచేసిందని రాసుకున్నారు. పట్నాయక్ గారికి శాలువా కప్పారు. తర్వాతి తరగతికి ఆయన ఆ శాలువాను కూడా పంపాలనుకున్నారు గానీ, ఖరీదైనదని మానుకున్నారు.

ఇప్పుడు తరగతులు జరిగినప్పుడల్లా హాలు వెనక గోడవార తువ్వాళ్ళు, పాత చీరలు, దుప్పటి ముక్కలు పరిచి ఉంటాయి. నలుగురూ తెల్లారకముందే వచ్చి పరిచి, తమవాళ్ళకు అన్నం పెట్టడానికి వెళ్ళిపోతారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళకు మతి తప్పితే, పట్నంలో మంచి డాక్టరు ఎవరని ఇప్పుడెవరూ అడగరు. "మీ ఇంట్లో మాసిన తువ్వాలుంటే నాల్రోజులకి ఇద్దురూ" అని అడుగుతారు. ఇచ్చేవాళ్ళు ఇస్తూ ఒక్క మాట చెబుతారు.

"ఉతక్కండే తల్లీ."