రొట్టెల కొట్టు దాటని గుర్రం

శనివారం ఎలియెట్ తన రొట్టెల కొట్టు మూసేసి, మార్సెయ్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. భర్త పోయాక ఆమె ఒంటరిగా నెట్టుకొస్తున్న కొట్టు అది. అందుకే గురువారం పొద్దున్నే, ఊరి చెత్తబండి తోలే ఆర్నో గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నాలుగేళ్ళుగా గొంతులోనే ఉండిపోయిన మాట ఇవాళ ఆమెతో చెప్పేయాలి. ఈలోగా ఒక చిన్న పని ఉంది. ఊళ్ళోకి వచ్చిన సినిమావాళ్ళకు తన బండి గుర్రాన్ని అప్పగించాలి.

ఫ్రాన్సులోని ఈ గాస్కొనీ ప్రాంతంలో, వాళ్ళు తీస్తున్న ఆ పాత నవల తెలియని ఇల్లు లేదు. టోపీకి ఈక పెట్టుకున్న కుర్ర సైనికుడు రాణిగారి కబురు పట్టుకుని ఎక్కడా ఆగకుండా దౌడు తీస్తాడు. ఎన్నిసార్లు సినిమాగా తీసినా జనానికి విసుగు రాలేదు. ఈసారి సినిమా గుర్రానికి కాలు బెణకడంతో, చెత్తబండి లాగే బిజూకు హీరోని మోసే యోగం పట్టింది.

దర్శకుడు చెయ్యి ఊపగానే బిజూ దౌడు తీసింది. కూడలి సగం దాటి, ఎలియెట్ కొట్టు ముందు టక్కున ఆగింది. హీరో గుర్రం మెడ పట్టుకుని వేలాడుతుంటే, ఈకటోపీ ఎగిరి వెన్నరొట్టెల పళ్ళెంలో పడింది.

"దీనికేమొచ్చింది?" అన్నాడు దర్శకుడు.

"రొట్టెల వాసన సార్," అన్నాడు ఆర్నో నేల చూస్తూ. అంతమంది మధ్య నిజం చెప్పడానికి పాపం అతనికి నోరు రాలేదు.

పొయ్యి ఆర్పించారు. ఎలియెట్ పెట్టిన వాయి లోపల సగం కాలి ఉండిపోయింది. బిజూ మళ్ళీ అక్కడే ఆగింది.

"ఆ నీలం తలుపంటే దానికి బెదురు సార్."

తలుపుకు గోనెపట్టా కట్టారు. బిజూ ఆగి, పట్టాను మూతితో పక్కకు తోసి లోపలికి చూసింది.

దర్శకుడి ఓపిక అయిపోయింది. "అర్థమైందమ్మా. మీ కొట్టు సినిమాలో పడాలని దీనికి తిండి అలవాటు చేశారు."

ఎలియెట్ చేతులకంటిన పిండి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఎల్లుండి మూసేసే కొట్టుకు సినిమా ఎందుకు నాయనా? నేను దానికి చిన్న ముక్క కూడా పెట్టలేదు." ఆమె మీద నింద పడటం ఆర్నో తట్టుకోలేకపోయాడు.

"ఆవిణ్ణేమీ అనకండి. రోజూ దాన్ని ఇక్కడ ఆపేది నేను."

"రొట్టె కోసమేగా? అందులో దాచడానికేముంది?"

"నాకు గోధుమ పడదు సార్. డాక్టరు మాన్పించి నాలుగేళ్ళయింది."

ఎలియెట్ నెమ్మదిగా అడిగింది. "మరి ఇన్నాళ్ళూ మీరు కొన్న రొట్టెలు ఎవరు తింటున్నారు?"

అందరూ బిజూ వైపు చూశారు. నిగనిగలాడే పొట్టతో అది తోక ఊపింది.

"మాట్లాడదామనే వచ్చేవాణ్ణి," అన్నాడు ఆర్నో. "మీరు 'ఏం కావాలి' అనేవారు. రొట్టె అనేసేవాణ్ణి."

"ఈ ఊళ్ళో రొట్టె కోసం తప్ప నా దగ్గరికి ఎవరూ రారనే కదండీ నేను వెళ్ళిపోతున్నది." ఎలియెట్ అతని వైపు తిరిగింది. "సరే, ఇప్పుడు అడుగుతున్నా. ఏం కావాలి?"

"మీరు వెళ్ళకుండా ఉండాలి."

శనివారం కొట్టు తెరిచే ఉంది. సినిమాలో హీరో రాణిగారి సంగతి కాసేపు పక్కన పెట్టి, ఎలియెట్ చేతి రొట్టె అందుకున్నాకే కదులుతాడు. దర్శకుడికి వేరే దారి దొరకలేదు. ఆ ఆదివారం ఎలియెట్ ఆర్నో కోసం మొదటిసారి మొక్కజొన్న పిండితో రొట్టె కాల్చింది. ఆర్నో కళ్ళు తుడుచుకుంటూ ముక్క మిగల్చకుండా తిన్నాడు.

బిజూ మాత్రం వాసన చూసి మొహం తిప్పుకుంది.